రేకుల కప్పు మారిస్తే గది చల్లబడుతుందా?

చల్లబడుతుంది, కాకపోతే కొత్త కప్పులో వేడిని ఆపే పొర ఉండాలి. పాత రేకు తీసి మళ్లీ ఉత్త రేకే వేస్తే డబ్బు దండగ.

కర్నూలు, అనంతపురం ఎండలకు మిద్దె మీది రేకుల గది మధ్యాహ్నానికి కాలిన పెనం కింద కూర్చున్నట్టే ఉంటుంది. పోలిక ఊరికే కాదు. ఇనుప రేకు మందం అర మిల్లీమీటరు అటూఇటూ. పైన తగిలిన ఎండ క్షణాల్లో అడుక్కి దిగి, సెగ నేరుగా నెత్తిన పడుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది.

అదే పఫ్ ప్యానెల్ అయితే రెండు రేకుల మధ్య గట్టి నురుగు ఉంటుంది. అందులోని సన్నని బుడగల గుండా వేడి అంత తొందరగా సాగదు. 50 మిల్లీమీటర్ల ప్యానెల్ వేస్తే, పై రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతున్నా అడుగు రేకు అంత కాలదు. మన పాత మట్టిమిద్దెలది వేరే దారి: దంతెల మీద పరిచిన చౌడుమన్ను మందానికి పగటి వేడి ఆలస్యంగా దిగుతుంది.

చాలామంది మందపు రేకు వేస్తే చాలనుకుంటారు. ఒక మిల్లీమీటరైనా ఇనుము ఇనుమే. తెల్ల కూల్ పెయింట్ మాత్రం ఎండను తిప్పికొట్టి నిజంగానే పనిచేస్తుంది, దుమ్ముపట్టి మాసేదాకా.