దెకార్త్ నుంచి కాంట్ దాకా: ఎలా చదవాలి?

ప్రశ్న: బి.ఏ.లో ఆధునిక పాశ్చాత్య తత్త్వశాస్త్రం చదువుతున్నాను. నోట్సు బట్టీ పట్టినా పరీక్షలో హ్యూమ్, లాక్ కలగలిసిపోతున్నారు. ఏం చేయాలి?
– ఓ విద్యార్థిని, కావలి

జవాబు: పేర్లూ వాదాలూ బట్టీ పడితే కలగలవక ఏమవుతాయి! ఒక్కొక్కరి దగ్గర మూడే రాసుకోండి: ఆయన ప్రశ్న, జవాబు, తర్వాతివాడు పట్టుకున్న లోపం. జ్ఞానమంతా అనుభవం నుంచే అన్నాడు లాక్. సరే, కారణానికీ కార్యానికీ మధ్య ఉండే ‘తప్పనిసరి’ ఏ అనుభవంలో కనిపించిందని హ్యూమ్ అడిగాడు. ఆయన బిలియర్డ్స్ బంతులు చెప్పాడు, మీరు క్యారమ్స్ అనుకోండి. స్ట్రైకర్ తగలడం, కాయిన్ కదలడం చూస్తాం. మధ్యలో ‘కదిలి తీరాలి’ అన్నది కంటికి కనబడదు. అది అలవాటు అంటాడాయన. కాంట్ మొదలయ్యేది ఇక్కడే.

మూలగ్రంథాల్లో ముందు దెకార్త్ ‘మెడిటేషన్స్’ (1641). ఆరే అధ్యాయాలు, రోజుకొకటి చాలు. ‘ఆలోచిస్తున్నాను కాబట్టి ఉన్నాను’ అనే మాట అందులో ఆ రూపంలో లేదు, 1637 నాటి ఆయన ‘డిస్కోర్స్ ఆన్ ద మెథడ్’లో ఉంది. చాలామంది తప్పు రాసేది ఇక్కడే. కాంట్ 1781 ‘క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్’ జోలికి ఇప్పుడే పోకండి. 1783లో ఆయనే రాసిన చిన్న పుస్తకం ‘ప్రొలెగోమెనా’ ముందు చదవండి. అదీ తేలికేం కాదు.