అటక మీది క్యాసెట్లు ఆడించే ముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

అటక మీద ట్రంకుపెట్టె దొరికిందనీ, అందులో 14 వీడియో క్యాసెట్లు, 3 చిన్న రీళ్లు ఉన్నాయనీ, పక్కింటివాళ్ల వీసీఆర్ తెచ్చి ఆదివారం అందరూ కూర్చుని చూస్తామనీ నిన్న ఫోన్లో అన్నావు. రాత్రంతా నాకు అదే టెన్షన్. ఆదివారం ఏదీ వెయ్యకు తల్లీ. ముప్పై ఏళ్లు కదలకుండా ఉన్న టేపు మొదటిసారి తిరిగినప్పుడే తెగొచ్చు, నలగొచ్చు, పైపూత రాలిపోవచ్చు. అందుకే మొదటిసారి వేసినప్పుడే కాపీ కూడా అయిపోవాలి. సరదాకి ఒకసారి, కాపీకి ఇంకోసారి అనుకోవద్దు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. పెళ్లిళ్లు తీసే రోజుల్లో ఒక పాత క్యాసెట్టుని చూసుకోకుండా వీసీఆర్‌లో పెట్టాను. దానికి బూజు ఉంది. అది వీసీఆర్‌లో టేపుని చదివే భాగానికి, అంటే హెడ్డుకి, పట్టి తర్వాత వేసిన రెండు క్యాసెట్లకీ అంటుకుంది. అందులో ఒకటి మీ తాతయ్య షష్టిపూర్తి. పీటల మీద నాన్నగారు అమ్మ వైపు వంగి చెవిలో ఏదో అంటారు, అమ్మ నవ్వుతుంది. సరిగ్గా అక్కడి నుంచి తెర నిండా తెల్ల చుక్కలు, బరబర శబ్దం. ఆయన ఏమన్నారో ఇక ఎవరికీ తెలియదు.

కాబట్టి ముందు కళ్లతో చూడు. క్యాసెట్టు పక్కన ఉన్న చిన్న బొత్తాం నొక్కితే ముందు మూత లేస్తుంది. టేపుని వేలితో తాకకు. పైనున్న పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీలోంచి ఫోన్ టార్చి వేసి చుట్ట అంచు చూడు. నల్లగా, నున్నగా ఉంటే మంచిదే. తెల్లటి పొడిగానీ సాలెగూటి పోగుల్లాంటివిగానీ కనిపిస్తే అది బూజే. దాన్ని ఊదకు, తుడవకు. విడిగా కవర్లో పెట్టి నాకు చూపించు. పెట్టెలో కలరా ఉండలు ఉంటే తీసి పారెయ్యి, వాటి ఆవిరి టేపుకి మంచిది కాదు. మన కాకినాడ గాలిలో తేమ ఎక్కువ. టేపు మీద అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు ఆ తేమకి మెత్తబడి జిగటగా మారుతుంది. అలాంటి టేపు తిరుగుతూ కీచుమంటే వెంటనే ఆపెయ్యాలి.

ఇంకో పని ఈ రోజే చెయ్యి. లేబుల్ అంటించే వైపు ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని విరిచేస్తే, పొరపాటున రికార్డు నొక్కినా పాత బొమ్మ చెరగదు.

పక్కింటి వీసీఆర్ ఎప్పుడు కదిలిందో ఎవరికి తెలుసు! నాది తెస్తాను. ఏ మెషీనైనా ముందు హెడ్డు శుభ్రం చేయించి, పోయినా ఫరవాలేని క్యాసెట్టు ఒకటి వేసి చూశాకే మనది వెయ్యాలి. కొత్తవి దొరకవు. చివరిదాకా వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌వాళ్లు టేపులకి 2025 గడువని 2015లోనే హెచ్చరించారు. టేపు బాగున్నా ఆడించే మెషీను ఉండదని వాళ్ల భయం, నా భయమూ అదే.

టీవీ ముందు ఫోన్ పెట్టి తీయడం మాత్రం వద్దు. వీసీఆర్ నుంచి కేబుల్‌తో కంప్యూటర్‌కి ఎక్కిద్దాం. డీవీ (డిజిటల్ వీడియో) నాణ్యతలో గంటకి సుమారు 13 జీబీ అవుతుంది. 14 క్యాసెట్లూ మూడేసి గంటలనుకున్నా 550 జీబీ దాటదు, 1 టీబీ డిస్కు చాలు. ఆ పెద్ద ఫైలుని కుదించకు. వాట్సాప్‌లో పంపడానికి చిన్న కాపీ వేరే చేసుకో. డిస్కులు రెండు కొను, ఒకటి నీ దగ్గర, ఒకటి హైదరాబాదులో తమ్ముడి దగ్గర. మీ పిన్ని అమెరికా నుంచి పంపిన క్యాసెట్టు మాత్రం విడిగా పెట్టు. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ (NTSC), మనది పాల్ (PAL). రెండూ ఆడించే మెషీను చూడాలి.

ఇక రీళ్లు. నువ్వు చెప్పిన కొలతని బట్టి అవి సూపర్ 8, అంటే ఇళ్లలో తీసుకునే 8 ఎంఎం ఫిల్ము. ఒక్కో 50 అడుగుల రీలు మూడు నిమిషాల చిల్లర. పాత ఫిల్ముకి నిప్పు అంటుకుంటుందేమో అని అడిగావు. 2003లో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌వి తగలబడినవి సులువుగా మండే నైట్రేటు రీళ్లు, అవి పాత 35 ఎంఎం సినిమా ఫిల్ములో వచ్చేవి. మన చిన్న రీళ్లకి ఆ భయం లేదు. డబ్బా మూత తీసి వాసన చూడు. వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్లుతోందని అర్థం, ఆ ఆవిరి పక్క రీళ్లనీ పాడుచేస్తుంది. వాటిని వేరు చేసి ముందు స్కానింగ్‌కి పంపాలి. ప్రొజెక్టర్‌లో అస్సలు వెయ్యకు. కుంచించుకుపోయిన ఫిల్ము పళ్లచక్రానికి సరిపోక చిల్లుల దగ్గర చిరుగుతుంది. ఒక కొస అంచులు పట్టుకుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూడు, ఏ మెషీనూ లేకుండానే చిన్న చిన్న గళ్లలో మనవాళ్లు కనిపిస్తారు. అందుకే స్కాన్ అయ్యాక కూడా రీళ్లు పారెయ్యకూడదు.

కాపీ అయిన క్యాసెట్లు పూర్తిగా రివైండ్ చేసి, పుస్తకాల్లా నిలబెట్టి లోపలి గది బీరువాలో పెట్టు. అటక వేడి, నేల తడి రెండూ పడవు. ఫ్రిజ్ వద్దు.

క్యాసెట్లు ఎక్కిస్తున్నప్పుడు మీ అమ్మని పక్కనే కూర్చోబెట్టుకో. నీ అన్నప్రాశన, చిన్నత్తయ్య పెళ్లి, వాటిలో ఉన్నవాళ్లలో సగం మంది పేర్లు ఇప్పుడు అక్కకి తప్ప ఎవరికీ తెలియవు. ఏ నిమిషంలో ఎవరు కనిపించారో, పేరు, వరస, ఊరు నోటుబుక్కులో రాసుకో. ఆవిడ చెప్పేది ఫోన్లో రికార్డు చెయ్యి.

శనివారం పొద్దున బస్సుకి వీసీఆర్ పట్టుకుని వస్తున్నాను. అప్పటిదాకా ఆ పెట్టెని అటక మీంచి దించి, గాలి ఆడే గదిలో మంచం మీద ఉంచు.

మీ మావయ్య