మంచు కాలపు జ్ఞాపకాలు రాస్తున్న మీకు

ప్రియమైన యువ రచయితకు,

నమస్కారం. మీరు పంపిన చలికాలపు జ్ఞాపకాల రాతప్రతిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా శ్రద్ధగా చదివాను. ఆ కాలాన్ని మీరు నిజంగా అనుభవించారనీ, అది మరపున పడిపోకూడదన్న తపనతోనే కలం పట్టారనీ అడుగడుగునా తెలుస్తోంది. అందుకే రెండు మెచ్చుకోలు మాటలతో సరిపెట్టకుండా వివరంగా జవాబు రాస్తున్నాను.

మీ రాతప్రతిలో చలి గురించిన మాటలు చాలా ఉన్నాయి గానీ చలి మాత్రం చాలా పేజీల్లో తగల్లేదు. “ఎముకలు కొరికే చలి” అని పదే పదే అన్నారు. “నేలంతా తెల్లని దుప్పటి కప్పుకుంది” అన్నారు. అవి చదివితే పాఠకుడి ఒంటికి ఏమీ కాదు. అవి మీరు చూసి రాసినవి కావు; మీకంటే ముందు రాసినవాళ్లు వాడి వాడి అరగదీసినవి. అయితే ఒక్కచోట నేను చదవడం ఆపి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. తడిచేత్తో ఇనుప గడియ పట్టుకోగానే వేళ్లు దానికి అతుక్కుపోవడం, లాగితే చర్మం ఊడివస్తుందన్న భయంతో కదలకుండా నిలబడటం, లోపలి నుంచి గోరువెచ్చని నీళ్లు తెచ్చి మెల్లగా పోసేదాకా ఏడుపు దిగమింగుకోవడం రాశారే, ఆ చోట. అందులో చలి అన్న మాటే రాలేదు. అయినా నా చేయి నాకు తెలియకుండానే ఒళ్లోకి వచ్చేసింది. మీ పుస్తకమంతా ఆ పేరా చూపిన దారిలోనే నడవాలని నా కోరిక. చలి మనుషుల చేత ఏం చేయించిందో, ఏ పని మాన్పించిందో రాయండి. అది ఎంత గొప్పదో పాఠకుడు తనే గ్రహిస్తాడు.

ముందుగా శరీరాన్ని నమ్ముకోండి. బయటి చలి పెరిగేకొద్దీ లోపలి అవయవాల వేడిని కాపాడుకోవడానికి ఒళ్లు చర్మంలోని రక్తనాళాలను కుంచింపజేస్తుంది. అందువల్లే చేతివేళ్లు, కాలివేళ్లు, ముక్కు కొన, చెవి తమ్మెలు అన్నిటికంటే ముందు మొద్దుబారతాయి. మొద్దుబారిన వేలికి నొప్పి తెలియదు. అసలు బాధ వెచ్చని గదిలోకి వచ్చాక, రక్తం తిరిగి వేళ్లలోకి చేరుతున్నప్పుడు మొదలవుతుంది. మీ కథనం మాత్రం దాదాపు ప్రతిసారీ ఇంటి తలుపు మూసుకోగానే, “హమ్మయ్య” అన్నట్టుగా ముగిసిపోతోంది. తలుపు మూశాక మరో పేజీ రాయండి. కోటు గుండీ విప్పలేక పళ్లతో లాగిన సంగతి, కళ్లజోడు మీద ఒక్కసారిగా ఆవిరి కమ్మి ఎదురుగా ఉన్న మనిషి కనబడకపోయిన సంగతి, మఫ్లర్ అంచున ఊపిరి తేమతో కట్టిన మంచు పలుకులు కరిగి మెడ మీదుగా లోపలికి కారిన సంగతి మీకు తప్పక గుర్తుండి ఉంటాయి. కఠినమైన చలికాలాలు గడిపిన మాకందరికీ ఇవి గుర్తున్నాయి, రాసినవాళ్లే తక్కువ.

ప్రాణం మీదికి వచ్చే చలి గురించి రాసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే మొదట విపరీతమైన వణుకు పుడుతుంది. ఇంకా తగ్గితే ఆ వణుకు ఆగిపోతుంది. మాట తడబడుతుంది, ఆలోచన చెదురుతుంది, చివరి దశలో కొందరు ఒళ్లు కాలిపోతోందన్న భ్రమతో ఒంటిమీది బట్టలు తీసేస్తారు. కాబట్టి “వణికి వణికి ప్రాణం విడిచాడు” అని మీరు రాసిన వాక్యం వినడానికి సహజంగానే ఉన్నా, జరిగేది అది కాదు. వణుకు ఆగడమే అక్కడ భయపడవలసిన ఘట్టం. అలాంటి స్థితి నుంచి బతికి బయటపడిన మనిషి చెప్పిన మాటల్లో మధ్యలో కొంత కాలం కనబడకపోతే, దాన్ని మీ ఊహతో పూడ్చకండి. ఆ మనిషికి గుర్తులేని భాగం కూడా ఆ రాత్రికి సాక్ష్యమే.

ఇక మంచు. మీ పేజీల్లో ఎప్పుడు కురిసినా ఒకే మంచు కురుస్తోంది, నక్షత్రాల్లాంటి రేకులతో, నెమ్మదిగా. జపాన్ భౌతిక శాస్త్రవేత్త ఉకిచిరో నకయా 1936లో హొక్కైడో విశ్వవిద్యాలయంలో తొలిసారిగా ప్రయోగశాలలో మంచు స్ఫటికాన్ని పెంచారు. స్ఫటికం రూపం అది పెరిగే చోటి ఉష్ణోగ్రత మీదా, గాలిలోని తేమ మీదా ఆధారపడుతుందని ఆయన పరిశోధనలు చూపించాయి. కొమ్మలు విచ్చుకున్న నక్షత్రాకారాలు సుమారు మైనస్ 15 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతాయి. మైనస్ 5 దగ్గర సూదులూ స్తంభాలూ ఏర్పడతాయి. చలి మరీ తీవ్రమైనప్పుడు గాలిలో తేమ చాలా తక్కువ కాబట్టి పెద్ద రేకులు రాలవు, ఎండలో మెరిసే నలుసుల్లాంటి స్ఫటికాలు తేలుతుంటాయి. మీరు మైనస్ 40 డిగ్రీల రాత్రి అరచేయంత రేకులు రాల్చారు. మంచు దేశంలో పెరిగిన పాఠకుడు అక్కడే మిమ్మల్ని నమ్మడం మానేస్తాడు.

మంచు బరువును కూడా రాయండి, ఎందుకంటే పారతో ఎత్తిపోసినవాడికి మొదట గుర్తొచ్చేది దాని తెలుపు కాదు, ఆ బరువే. గాలి లేనప్పుడు కొత్తగా పడిన పొడి మంచు ఒక ఘనపు మీటరు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. గాలికి గట్టిపడ్డదీ, తడిసినదీ అంతకు ఎన్నో రెట్లు తూగి, ఇంటి కప్పులు కూలడానికి కారణమవుతుంది. ఉదయం సునాయాసంగా తోసిపోసిన దారి మధ్యాహ్నానికి కాస్త కరిగి, రాత్రి గడ్డకట్టి, మర్నాడు గునపానికి కూడా లొంగకపోవడంలో ఒక ఇంటి మూడు రోజుల కథంతా ఉంది. చప్పుడును కూడా వదిలిపెట్టకండి. కొత్త మంచులో గాలి నిండిన ఖాళీలు ఎక్కువ కాబట్టి అది శబ్దాన్ని పీల్చుకుంటుంది; మీరు రాసిన నిశ్శబ్దం నిజమైనదే. కానీ చలి బాగా ముదిరాక అదే మంచు కాలి కింద కిర్రుమంటుంది. ఆ కిర్రు వినగానే బయట ఎంత చలి ఉందో ఇంట్లో పెద్దవాళ్లు అంచనా కట్టడం మీరు చూసే ఉంటారు.

జ్ఞాపకం గురించి నేను గట్టిగా చెప్పదలచిన సంగతి ఒకటుంది. కఠినమైన చలికాలాలు మనసులో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. బ్రిటన్‌లో 1947 చలికాలం, 1962-63 చలికాలం రెండూ చూసినవాళ్లు ఉన్నారు. మొదటిది మంచుకు పేరుపడింది: జనవరి 22 నుంచి మార్చి 17 దాకా ఆ దేశంలో ఏదో ఒకచోట ప్రతిరోజూ మంచు కురిసింది. రెండోది చలికి పేరుపడింది: ఇంగ్లండ్‌లో 1740 తర్వాత అంత చల్లని చలికాలం రాలేదు, కొన్ని తీరాల్లో సముద్రం అంచు కూడా గడ్డకట్టింది. ఎన్నో ఏళ్లు గడిచాక ఒక మనిషి మనసులో మొదటిదాని మంచు, రెండోదాని చలి కలిసి ఒకే చలికాలమైపోవడం చాలా సహజం. మీ రాతప్రతిలోని ఆ “పెద్ద చలికాలం” కూడా రెండు మూడింటి కలయికేనేమో అని నాకు అనుమానం కలిగింది, ఎందుకంటే మూడో అధ్యాయంలో పాలపళ్లు మొలుస్తున్న తమ్ముడు అయిదో అధ్యాయంలో అదే నెలలో ఒంటరిగా మంచులో బడికి నడిచి వెళుతున్నాడు. వాతావరణ కేంద్రాల పాత నమోదులు తీసి చూడండి. తేదీలు సరిపోకపోతే చలికాలాలను విడదీయండి. విడదీసినంత మాత్రాన వాటి బలం తగ్గదు, ప్రతిదానికీ దాని ముఖం దానికి వస్తుంది.

అయితే నమోదు ఒకటి చెప్పి, జ్ఞాపకం మరొకటి చెప్పినప్పుడల్లా జ్ఞాపకమే తప్పని అనుకోకండి. మంచు కిటికీ పైదాకా వచ్చిందని మీకు గుర్తు. ఆ రోజు కురిసింది రెండు అడుగులేనని నమోదు చెప్పవచ్చు. రెండూ నిజమే కావచ్చు. లోతును కొలిచేది గాలికి చెదరని చదునైన చోట. గాలి మాత్రం ఆ మంచునంతా ఊడ్చి తెచ్చి ఒక గోడకు ఆనించి పోస్తుంది. అలాగే మీరు ఒకచోట “మైనస్ 33 డిగ్రీలు” అన్నది థర్మామీటరు చూపిన అంకో, గాలి తాకిడిని కలిపి వార్తల్లో చెప్పిన అంకో తేల్చుకోండి. మైనస్ 20 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 33 లాగా తోస్తుంది, కానీ వాకిట్లోని బకెట్టు మైనస్ 20 కంటే దిగువకు చల్లబడదు.

అంకెలను వాడేటప్పుడు వాటి వెనక నిలబడిన మనిషిని కూడా చూపండి. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో స్నాగ్ అనే చిన్న విమానాశ్రయంలో 1947 ఫిబ్రవరి 3న మైనస్ 63 డిగ్రీలు నమోదైంది. ఆ ఉదయం థర్మామీటరులోని ద్రవం గొట్టం మీద గీసిన ఆఖరి అంకె కంటే కిందికి దిగిపోయింది. అక్కడి పరిశీలకుడు ద్రవం ఆగిన చోట గాజు మీద గుర్తు పెట్టాడు. తర్వాత ఆ పరికరాన్ని పరీక్షించి అంకెను ఖాయం చేశారు. అంకె తర్వాత వచ్చింది. ముందు, అంత చలిలో గాజు గొట్టం మీదికి వంగి గుర్తు పెడుతున్న ఒక చేయి ఉంది. మీ పుస్తకంలోని ప్రతి అంకెకూ అలాంటి చేయి ఉందేమో వెతకండి.

విపత్తును చెప్పేటప్పుడు దానికి ముందున్న గంటను విడిచిపెట్టకండి. 1888 జనవరి 12న అమెరికా మధ్య మైదానాల్లో వచ్చిన మంచు తుఫానులో సుమారు 235 మంది చనిపోయారని అంచనా. వారిలో బడి పిల్లలు ఎందరో. అంత ప్రాణనష్టానికి చలి ఒక్కటే కారణం కాదు. ఆ రోజు పొద్దున వాతావరణం ఆహ్లాదంగా ఉంది. ఎన్నో రోజుల తర్వాత కాస్త వెచ్చగా ఉందని పిల్లలు పలుచని బట్టలతో బడికి వెళ్లారు, రైతులు పశువులను బయటికి తోలుకెళ్లారు. తుఫాను వచ్చాక పిండి చల్లినట్టున్న సన్నని మంచులో అడుగు దూరంలో ఉన్నది కూడా కనబడలేదు. అప్పుడు బతికి బయటపడినవాళ్లు కొందరు అర్ధశతాబ్దం గడిచాక నెబ్రాస్కాలో ఒక సంఘంగా చేరి, ఒకరినొకరు అడిగి ఆ జ్ఞాపకాలను సేకరించి పెట్టారు. నాకు ఆ పని మీద ఎంతో గౌరవం. మీరు కూడా మీ ఒక్కరి జ్ఞాపకంతోనే ఆగిపోకుండా, అప్పుడు పెద్దవాళ్లుగా ఉన్నవాళ్లను ఇప్పుడే కూర్చోబెట్టి అడగండి. ఆ రోజుల్లో కట్టెలు ఎవరు మోశారు, రాత్రి పొయ్యి ఆరిపోకుండా ఎవరు లేచి చూశారు, ఉన్న దుప్పట్లు ఎవరికి చాలలేదు అన్నవి మీరు చిన్నతనంలో గమనించి ఉండరు. పిల్లలకు సెలవుగా అనిపించినది పెద్దలకు ఇంధనం లెక్క. బ్రిటన్‌లోనే ఆ 1947 ఫిబ్రవరిలో బొగ్గు రవాణా నిలిచిపోయి, కరెంటు కోతలు పెట్టి, ఫ్యాక్టరీలు మూసి, వారపత్రికల ముద్రణను కూడా కొన్నాళ్లు ఆపించారు. మీ పుస్తకంలో ఆటలకు మూడు అధ్యాయాలున్నాయి. ఇంధనం మాత్రం ఒక్క పేజీలో కూడా కనబడలేదు.

చివరగా, మీరు రాయకుండా వదిలేసిన భాగం గురించి. మీ చలికాలం ఆఖరి హిమపాతంతో ఆగిపోతోంది. మంచు కరగడం కూడా ఆ చలికాలంలోని భాగమే, బహుశా అందులో అన్నిటికంటే రాయదగ్గ భాగం కూడా. నెలల తరబడి కప్పబడిపోయిన వస్తువులు ఒక్కొక్కటిగా బయటపడతాయి; పోయిందనుకున్న చేతి తొడుగు దొరుకుతుంది; చలికి చచ్చిన పక్షులు, పశువులు కూడా కనబడతాయి. పగిలిన గొట్టాల సంగతి అప్పుడే తెలుస్తుంది. బ్రిటన్‌లో 1947 మార్చిలో ఆ మంచంతా వేగంగా కరిగి, వానలు కూడా తోడై, పెద్ద వరదలు వచ్చాయి. మీ దగ్గర ఏం జరిగిందో నాకు తెలుసుకోవాలని ఉంది.

తిరగరాసేటప్పుడు మొత్తం ఒకేసారి ముట్టుకోకండి. గడియ ఉన్న పేరాను అలాగే ఉంచి, ముందుగా ఆ ఇంటి పొయ్యి గురించి, తర్వాత మంచు కరిగిన వారం గురించి కొత్తగా రాయండి. ఆ రెండు అధ్యాయాలు పూర్తికాగానే, మిగతా వాటి కోసం ఆగకుండా నాకు పంపండి. వాటితో పాటు ఆ ఏళ్ల వాతావరణ నమోదులు ఏమైనా దొరికితే వాటి నకళ్లు కూడా పంపండి. తేదీలను ఇద్దరం కలిసి సరిచూద్దాం.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి