ఐటీఐలో చేర్చే ముందు అప్రెంటిస్ సంగతి చూడండి

ప్రశ్న: మాది అనకాపల్లి దగ్గర పల్లె. మా అబ్బాయి ఈ ఏడాది 600కి 348 మార్కులతో పదో తరగతి పాసయ్యాడు. లెక్కల్లో 41 వచ్చాయి. సెలవులొస్తే చాలు, వాళ్ల మేనమామ మెకానిక్ షెడ్డులోనే ఉంటాడు. వాళ్ల నాన్న అప్పు చేసైనా ప్రైవేటు కాలేజీలో ఎంపీసీ చదివిద్దామంటారు. వాడేమో ఐటీఐ అంటున్నాడు. అది ఫెయిలైన పిల్లల చదువని చుట్టాలు నవ్వుతున్నారు. ఐటీఐ వాళ్లకు ట్రైనింగ్‌లో నెలనెలా డబ్బులిస్తారట, నిజమేనా?

జవాబు: డబ్బులిచ్చే మాట నిజమేనమ్మా. కాకపోతే ఐటీఐలో చదువుతుండగా కాదు, అది పాసయ్యాక ఏదైనా సంస్థలో అప్రెంటిస్‌గా, అంటే పని చేస్తూ నేర్చుకునేవాడిగా చేరితే ఇస్తారు. దీన్ని స్టైపెండ్ అంటారు. 2019లో సవరించిన నిబంధనల్లో ఐటీఐ పాసైన అప్రెంటిస్‌కు నెలకు కనీసం 7,000 రూపాయలు ఇవ్వాలని పెట్టారు. అంతకన్నా ఎక్కువ ఇచ్చే సంస్థలూ ఉన్నాయి.

మీ ఇంట్లో గొడవంతా ఎంపీసీయా, ఐటీఐయా అన్నదాని మీదే నడుస్తున్నట్టుంది. లెక్కలంటే బెదిరే పిల్లాణ్ణి అప్పు చేసి మరీ ఎంపీసీలో వేయొద్దని నా సలహా. ఆ రెండేళ్లు వాడికీ నరకమే, మీకూ టెన్షనే. అలాగని ఏదో ఒక ఐటీఐలో పడేసి సర్టిఫికెట్ తెప్పించుకున్నా ఒరిగేదేమీ లేదు. ఐటీఐ సగం చదువే. మిగతా సగం అప్రెంటిస్‌లో వస్తుంది. అందుకని ముందు అప్రెంటిస్ ఎక్కడ చేయగలడో చూసి, దాన్నిబట్టి ట్రేడ్, అంటే ఐటీఐలో నేర్చుకునే పని, ఆ ట్రేడ్‌ను బట్టి కాలేజీ ఎంచుకోండి.

ఆ విషయంలో మీ ఊరు మంచి చోటే ఉంది. విశాఖలో రైల్వే డీజిల్ లోకో షెడ్, నేవల్ డాక్‌యార్డ్, హిందుస్థాన్ షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంట్ ఉన్నాయి. మీకు ఇంకా దగ్గర్లో పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలు. ఆర్టీసీ డిపోలు, వర్క్‌షాపులు కూడా ఐటీఐ పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. ఎంపిక మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్‌కు రాత పరీక్ష ఉంటుంది. రైల్వేలో చాలా జోన్లు పరీక్ష పెట్టవు. పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి సగటు తీసి మెరిట్ లిస్టు వేస్తాయి. పదిలో కనీసం 50 శాతం ఉండాలి. మీవాడికి 58 శాతం ఉంది కాబట్టి గేటు దాటాడు. ఇక ఐటీఐలో ఎన్ని మార్కులు తెస్తాడన్నదే అసలు సంగతి. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1 (పాత గ్రూప్-డి) ఉద్యోగాల భర్తీలో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. అయితే అప్రెంటిస్ చేసినంత మాత్రాన ఉద్యోగం ఇవ్వాలని చట్టంలో లేదు, రైల్వే అయినా మరెవరైనా. ఆ పోస్టులకు పోటీ పరీక్ష రాయాల్సిందే. ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మకండి.

ఇక ట్రేడ్. ఇంజిన్లంటే ఇష్టం కాబట్టి అందరూ డీజిల్ మెకానిక్ అంటారు. అది ఏడాది కోర్సు, త్వరగా అయిపోతుంది. నేనైతే రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్‌కో, యంత్ర భాగాలు సరిచేసి బిగించే ఫిట్టర్‌కో మొగ్గు చూపుతాను. ఫిట్టర్ అవసరం లేని ఫ్యాక్టరీ ఉండదు. పైగా రెండేళ్ల ట్రేడ్ పాసైనవాళ్లు బ్రిడ్జి కోర్సు పూర్తిచేసి పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు. ఈ సంగతి మీవారికి తప్పకుండా చెప్పండి. చాలామంది తండ్రుల భయమల్లా పిల్లాడికి పైచదువుల దారి మూసుకుపోతుందేమోననే.

వయసు లెక్క కూడా కలిసొస్తుంది. ఇప్పుడు పదిహేనేళ్లు అనుకుంటే, రెండేళ్ల ఐటీఐ, ఏడాది అప్రెంటిస్ పూర్తయ్యేసరికి పద్దెనిమిది నిండుతాయి. రైల్వే లెవెల్-1కు అప్లై చేయడానికి కావాల్సిన కనీస వయసు అదే.

ఐటీఐ ఎంపికలో మాత్రం తొందరపడకండి. సర్కారు ఐటీఐలో సీటు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, ప్రవేశ పరీక్ష లేదు, ఫీజూ నామమాత్రమే. విశాఖ కంచరపాలెం ఐటీఐ మీకు తెలిసే ఉంటుంది. మొదటి విడతలో సీటు రాకపోతే తర్వాతి విడత వరకు ఆగండి, కంగారుపడి కనిపించిన ప్రైవేటు దాంట్లో డబ్బు కట్టేయకండి. ప్రైవేటులో మంచివీ ఉన్నాయి. అయితే “రోజూ రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు, మేం చూసుకుంటాం” అన్న మాట వినిపిస్తే మాత్రం మెట్లు దిగి వచ్చేయండి. హాజరు లేకుండా వచ్చిన సర్టిఫికెట్‌తో ఫ్యాక్టరీకి వెళ్తే మొదటి వారంలోనే బండారం బయటపడుతుంది.

చేర్చే ముందు ఒక పనిరోజు వర్క్‌షాపు చూపించమని అడగండి. కుదిరితే మెకానిక్ షెడ్డున్న వాళ్ల మేనమామను వెంటబెట్టుకెళ్లండి, ఆయన కంటికి మనకు కనపడనివి కనపడతాయి. ఫిట్టర్ ట్రేడ్‌లో కొత్తగా చేరినవాడికి వెంటనే మిషన్ ఇవ్వరు. వైస్‌లో ఇనుప ముక్క బిగించి, ఆకురాయితో రోజుల తరబడి రుద్దిస్తారు. రుద్దిన అంచు మీద మూలమట్టం లాంటి ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తారు. సందులోంచి కాస్త వెలుగు కనపడినా ముక్క మళ్లీ వైస్‌లోకి వెళ్లాల్సిందే. మీరు వెళ్లినప్పుడు వైస్‌ల కింద ఇనుప పొడి రాలి ఉందా, పిల్లల చేతులకు మరకలున్నాయా, లేత్ మిషన్లు నూనె తాగి ఉన్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా అన్నది గమనించండి. గోడ మీద చార్టులు ఎన్ని ఉన్నా లెక్కలోకి తీసుకోవద్దు. కిందటేడు పాసైన బ్యాచ్ పిల్లలు అప్రెంటిస్‌కు ఎక్కడ చేరారో అడగండి. నాలుగు ఫ్యాక్టరీల పేర్లు వెంటనే చెప్పగలిగితే మంచి గుర్తే.

అప్రెంటిస్ దగ్గరా ఒక మోసం ఉంది. కాంట్రాక్టరు దగ్గర హెల్పర్ పనిలో పెట్టుకుని “ట్రైనీ” అని పేరు పెడతారు. ఏడాది తర్వాత చేతికి ఏ కాగితమూ రాదు. చట్టం ప్రకారం చేరితే కంపెనీతో రాతపూర్వక కాంట్రాక్టు ఉంటుంది, అది అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదవుతుంది. పద్దెనిమిది నిండకపోతే అందులో మీరు సంతకం పెట్టాలి కాబట్టి చదివి పెట్టండి. అప్రెంటిస్ సలహాదారు అనే ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఇన్ని పీసులు చేస్తే ఇంత అని లెక్కగట్టి స్టైపెండ్ ఇవ్వడానికీ వీల్లేదు. చివర్లో అఖిల భారత ట్రేడ్ టెస్ట్ పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. పదో తరగతి మెమోలో పేరు, పుట్టినతేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లోనూ అలాగే ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉన్నా పోర్టల్ దగ్గర తిప్పలే. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించి, వాడి పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్ లింక్ చేయించండి. కేంద్ర పథకంలో ఉన్న కంపెనీలో చేరితే స్టైపెండ్‌లో ప్రభుత్వ వాటా, అంటే నెలకు 1,500 రూపాయల వరకు, నేరుగా ఆ ఖాతాలోనే పడుతుంది.