ఎముకల కదలిక లెక్కకట్టే ఓపెన్ సోర్స్ టూల్: కోడ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

జంతువుల్లో ఎముకల కదలికను ఎక్స్-రే వీడియోల నుంచి లెక్కకట్టే టూల్ పైథాన్‌లో రాస్తాను, మార్కర్ ట్రాకింగ్‌తో (ఎముకలో పెట్టిన పూసల్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ వెంబడించడంతో) మొదలుపెట్టనా అని అడిగారు.

వద్దండి. బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ల ఎక్స్‌ఎంఏల్యాబ్ (XMALab) సాఫ్ట్‌వేర్ ఉంది కదా. డిస్టార్షన్ (ఎక్స్-రే బొమ్మ వంకర) సవరణ, క్యాలిబ్రేషన్ (తెలిసిన కొలతల వస్తువుతో కెమెరాల లెక్క సరిచూడటం), ట్రాకింగ్ మూడూ అందులో అవుతాయి, సోర్సూ దొరుకుతుంది. అది ఇచ్చే మార్కర్ కోఆర్డినేట్ల సీఎస్‌వీ తీసుకుని కీళ్ల కోణాల దాకా వెళ్లే భాగం రాయండి. కోడ్ చిన్నదే, తప్పులు దాక్కునేది మాత్రం అక్కడే.

మొదటి ఫంక్షన్ ఒక ఎముకకు ఫిట్, అంటే సీటీలోని పూసల్ని ఫ్రేమ్‌లోని పూసల మీద కూర్చోబెట్టే తిరుగుడు, జరుపు కనుక్కోవడం. సీటీ స్కాన్‌లో ట్యాంటలమ్ (ఎక్స్-రేలో బాగా కనబడే లోహం) పూసల స్థానాలు ఒకవైపు, ఫ్రేమ్‌లో అవే పూసలు మరోవైపు. రెండింటి లోంచీ సగటు బిందువు తీసేసి, 3×3 కోవేరియన్స్ మాట్రిక్స్‌కి ఎస్‌వీడీ (మాట్రిక్స్‌ని సింగులర్ వాల్యూలు, వెక్టర్లుగా విడగొట్టే లెక్క) చేస్తే రొటేషన్ వస్తుంది. దాని డిటర్మినెంట్ తప్పకుండా చూడండి, +1 ఉండాలి. ఎముకకు మూడే పూసలుంటే అవి ఎలాగూ ఒకే తలంలో ఉంటాయి. మూడో సింగులర్ వాల్యూ సున్నా అవుతుంది, దాని వెక్టర్ ప్లస్సో మైనస్సో ఏదైనా రావచ్చు. డిటర్మినెంట్ -1 వచ్చిందంటే కుడి తొడ ఎముక అద్దంలో చూసినట్టు ఎడమదైపోయినట్టే. ఫిట్ ఎర్రర్ చూస్తే ఇది పట్టుబడదు, పూసలన్నీ సరిగ్గానే కూర్చుంటాయి మరి! మూడో వెక్టర్ గుర్తు మార్చి రొటేషన్ మళ్లీ కట్టాలి.

పూసలు దాదాపు ఒకే గీత మీద ఉంటే ఏ కోడూ కాపాడలేదు. గీతకి 1 మి.మీ. పక్కన ఉన్న పూసలో 0.1 మి.మీ. తప్పుంటే, ఆ గీత చుట్టూ తిరుగుడులో దాదాపు 6 డిగ్రీల తప్పు. అదే 10 మి.మీ. దూరమైతే 0.6 డిగ్రీలే. ఈ దూరం లెక్కేసి హెచ్చరిక ఇచ్చే టూల్ అయితే వాడేవాళ్లు దండం పెడతారు.

ఒకే ఎముకలోని పూసల మధ్య దూరం మారకూడదు. జతజతకీ స్టాండర్డ్ డీవియేషన్ చూపించండి, 0.1 మి.మీ. దాటితే అనుమానించాలి. ఒక పూస ఉన్న జతలన్నీ చెడితే ఆ పూస ట్రాకింగ్ తప్పింది, లేదా అది ఎముకలో వదులైంది. అన్ని ఎముకల్లోనూ సీటీ దూరంతో ఒకే నిష్పత్తిలో తేడా వస్తే వోక్సెల్ (సీటీ బొమ్మలో ఒక్కో చిన్న గడి) సైజు గానీ, క్యాలిబ్రేషన్ క్యూబ్ కొలతలు గానీ తప్పు. సరిగ్గా 10 రెట్లయితే మి.మీ., సెం.మీ. గొడవ.

పూస కనబడని ఫ్రేముల్లో సున్నా పెట్టకండి, నాన్ (NaN, 'విలువ లేదు' అనే గుర్తు) పెట్టండి. నాయిస్ తగ్గించే ఫిల్టర్ మార్కర్ కోఆర్డినేట్ల మీద వేయాలి; కోణాల మీద వేస్తే 180 నుంచి -180కి దూకే చోట లేని కదలిక పుడుతుంది. సైపైలో (పైథాన్ లెక్కల లైబ్రరీ SciPyలో) ఎల్‌ఫిల్టర్ (lfilter) సిగ్నల్‌ని ఆలస్యం చేస్తుంది కాబట్టి ఫిల్ట్‌ఫిల్ట్ (filtfilt) వాడండి.

కీలు కదలిక అంటే పై ఎముక మాట్రిక్స్ (దాని రొటేషన్, జరుపు కలిపినది) ఇన్‌వర్స్‌ని కింది ఎముక మాట్రిక్స్‌తో గుణించడమే. దాన్ని కోణాలుగా మార్చేటప్పుడు సైపైకి అక్షాల క్రమం పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో ఇస్తే ఎముకతోపాటు తిరిగే అక్షాలు, చిన్న అక్షరాల్లో ఇస్తే స్థిర అక్షాలు. ఏది ఇచ్చినా ఎర్రర్ రాదు, అంకెలే మారిపోతాయి. మోకాలి మడతలాంటి పెద్ద కదలికను క్రమంలో మధ్యలో పెట్టకండి, 90 డిగ్రీల దగ్గర మిగతా రెండు కోణాలూ పిచ్చిగా ఊగుతాయి. మాయాకి (Maya, 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్) పంపేటప్పుడు మాట్రిక్స్ ట్రాన్స్‌పోజ్ చేయాలి, అంటే అడ్డు వరసల్ని నిలువు వరసలు చేయాలి; అక్కడ ట్రాన్స్‌లేషన్ (జరుపు) చివరి అడ్డు వరసలో ఉంటుంది.

వీటన్నిటికంటే ముందు టెస్ట్ రాయండి: నాలుగు బిందువులు, జెడ్ చుట్టూ 30 డిగ్రీలు, కొంత జరుపు, 0.1 మి.మీ. నాయిస్. తిరిగి 30కి దగ్గరగా రావాలి. అదే టెస్ట్ మూడు బిందువులతోనూ నడపండి. రిపోలో లైసెన్స్ ఫైల్ పెట్టడం మరవకండి, అది లేకపోతే వేరే ల్యాబ్ వాళ్లకి మీ కోడ్ వాడే హక్కే ఉండదు.