కడపలో పోలీసులు రాకముందు దొంగల్ని ఎవరు పట్టేవారు?

పాలెగాళ్ల (సొంత బలగంతో ఊళ్లమీద పెత్తనం చేసిన స్థానిక దొరలు) కింది కావలివాళ్లు, ఊళ్లో తలారులు (గ్రామ కాపలాదారులు). కావలికి ఊరు రుసుము కట్టేది. దొంగతనం జరిగితే సొత్తు వెతికి తేవాలి, దొరక్కపోతే నష్టం కట్టివ్వాలి. వినడానికి బాగానే ఉంది కానీ, దొంగలతో కుమ్మక్కైన పాలెగాళ్లకూ కొదవ లేదు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కలెక్టర్ థామస్ మన్రో పాలెగాళ్లను అణిచేశాడు. 1816లో పోలీసు అధికారం కలెక్టరు, తాసిల్దారు, గ్రామ పెద్దల చేతికొచ్చింది. అసలు గొడవంతా ఇక్కడే! శిస్తు వసూలు చేసేవాళ్లే దొంగల్నీ పట్టాలి, నేరమూ ఒప్పించాలి. వేళ్లను కర్రల మధ్య నొక్కడం, ఎండలో వంచి నిలబెట్టడం రెండు పనుల్లోనూ మామూలైపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీ (అప్పట్లో కడప కూడా ఉన్న రాష్ట్రం) అంతటా ఇదే తంతని 1855లో విచారణ కమిషన్ బయటపెట్టింది.

దాని తర్వాతే 1859 మద్రాసు పోలీసు చట్టం వచ్చింది: రెవెన్యూతో కలపకుండా వేరే పోలీసు శాఖ, జిల్లాకో సూపరింటెండెంటు. కడప ఎస్పీ ఆఫీసుకు మూలం అదే. మిగతా దేశానికి పోలీసు చట్టం 1861లో గానీ రాలేదు.

తలారి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఊళ్లో శవం దొరికినా, అనుమానంగా కొత్త మనిషి తిరిగినా స్టేషన్‌కు కబురు మోసింది చాలాకాలం అతనే.