మెడికల్ షాపుల సంఘంలో క్లాసులు పెట్టే బాధ్యత తీసుకోమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

అనంతపురంలో షాపు పెట్టి మూడేళ్లయింది, సంఘం పెద్దలు సభ్యులకు ట్రైనింగ్ క్లాసులు ఏర్పాటు చేసే కమిటీలోకి రమ్మంటున్నారు, డబ్బులేం ఇవ్వరు, ఆదివారాలు పోతాయి, ఏం చేయమంటారు అని అడిగారు కదా. ఒప్పుకోండి. కాకపోతే ఏడాదికే అని ముందే అందరి ముందూ చెప్పండి, లేదంటే తర్వాత మీరు ఎంత వద్దన్నా అది మీ మెడకే చుట్టుకుంటుంది. నాది కర్నూలు, పెద్దాసుపత్రి దగ్గర షాపు. ఇక్కడ కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

కొత్తగా కమిటీలోకి వచ్చినవాళ్ళు మొదట పెద్ద డాక్టరు ఎవరు దొరుకుతారా అని వెతుకుతారు. ఆయన దొరికాక ఆయన ఏం మాట్లాడతానంటే అదే టాపిక్. అట్లా చేస్తే శాలువా, బొకే, ఫొటో అన్నీ బాగానే ఉంటాయి కానీ ముందు రెండు వరుసలు దాటితే అందరూ ఫోన్లలోనే ఉంటారు. టాపిక్ ముందు, స్పీకర్ తర్వాత. కౌంటర్ దగ్గర మనవాళ్ళకు ఏం ఇబ్బంది వస్తోందో, ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ఎక్కడ తడబడుతున్నారో కనుక్కోండి. వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒక్కరూ చెప్పరు, అందులో గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు తప్ప ఏం రావు. మధ్యాహ్నం ఓపీ అయిపోయాక షాపులు కాస్త ఖాళీగా ఉంటాయి, అప్పుడు వెళ్ళి నిలబడి మాట్లాడితే ఒక్కొక్కటే బయటికొస్తాయి.

ఉదాహరణకు షెడ్యూల్ హెచ్1, అంటే అమ్మిన ప్రతిసారీ విడిగా రాసి పెట్టాల్సిన మందుల ప్రభుత్వ జాబితా. 2014 మార్చి నుంచి అమల్లో ఉంది, మొదట 46 మందులతో వచ్చింది, సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, ఆల్ప్రజోలం లాంటివి. అమ్మినప్పుడు వేరే రిజిస్టరులో డాక్టరు పేరు, అడ్రసు, పేషెంటు పేరు, మందు పేరు, ఎంత ఇచ్చామో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఈ సంగతి ఎవరినడిగినా తెలుసనే అంటారు. మేము ఉపన్యాసం పక్కన పెట్టి, ఖాళీ రిజిస్టరు పేజీలు జిరాక్స్ తీయించి, ఉత్తుత్తి పేర్లతో మందుల చీటీలు రాయించి, ఇదిగో ఎక్కించండి అని చేతికిచ్చాం. చాలామంది డాక్టరు పేరు రాసి అడ్రసు వదిలేశారు. కొందరు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఎక్కించారు, ఆ 46లో అది లేనే లేదు. ఒకాయనైతే పక్కాయన పేపర్లో చూసి రాశాడు, అరవై ఏళ్ల మనిషి, స్కూల్లో లాగే! నవ్వుకున్నాం గానీ ఆ గంటలో నేర్చుకున్నంత ఏ స్పీచ్‌లోనూ నేర్చుకోలేదని వాళ్ళే అన్నారు.

ఇంకో మాట. పిలుపు ఓనర్లకు వెళ్తుంది, మందు చేతికిచ్చేది మాత్రం కౌంటర్లో ఉండే కుర్రాళ్ళు. ఓనరు వచ్చి టీ తాగి విని వెళ్ళి షాపులో ఒక్క ముక్క కూడా చెప్పడు. అందుకే షాపుకి ఒకరు చాలు, ఆ ఒక్కరూ కౌంటర్లో నిలబడే మనిషే కావాలి అని మేము పట్టుబట్టాం. దీనికి కొందరు ఓనర్లు మూతి ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి.

మన సీమలో తప్పకుండా పెట్టాల్సిన క్లాసు ఫ్రిజ్ గురించి. కర్నూలైనా అనంతపురమైనా ఏప్రిల్ వచ్చిందంటే షాపులో ఫ్యాను గాలి కూడా వేడిగానే కొడుతుంది, మధ్యలో కరెంటు పోతుంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికి పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకట్టినా పనికిరాదన్నది చాలామందికి పట్టదు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఐసు పెట్టెకు ఆనుకుని ఇన్సులిన్ డబ్బాలు పేర్చి, కింద అరలో మంచినీళ్ల సీసాలు పెట్టిన షాపులు మీ ఊళ్ళోనూ ఉంటాయి. మేము క్లాసుకి ఒక ఫ్రిజ్ తెప్పించి, మామూలు డిజిటల్ థర్మామీటర్లు డోర్లో ఒకటి, మధ్య అరలో ఒకటి, ఐసు దగ్గర ఒకటి పెట్టి, గంట తర్వాత అందరినీ లేచి వచ్చి చూడమన్నాం. మూడు చోట్లా మూడు లెక్కలు. మరుసటి వారమే థర్మామీటర్ ఎక్కడ కొన్నారన్నా అని ఫోన్లు మొదలయ్యాయి.

జనం రావాలంటే డబ్బు సంగతి ఒకటి కలపాలి, ఇది నిష్ఠూరంగా ఉన్నా నిజం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, 12 శాతం ఉన్న 33 మందులకు పూర్తిగా తీసేశారు. పాత ఎంఆర్‌పీ స్టాకు ఏం చేయాలి, స్టిక్కర్ వేయాలా, కంపెనీ పంపే కొత్త రేట్ల జాబితా షాపులో పెట్టుకుంటే చాలా, 12 శాతం కట్టి కొన్నదాని లెక్క ఏంటి అని అందరికీ టెన్షన్. అప్పుడు ఒక ఆడిటర్‌ని పిలిస్తే కుర్చీలు చాలక గోడకానుకుని నిలబడ్డారు. అదే యాంటీబయాటిక్‌లు చీటీ లేకుండా ఇస్తే క్రిములు ఎలా మొండికేస్తాయో చెప్తామంటే ఆ జనంలో పావు వంతు రారు. కాబట్టి రెండోది ముందు పెట్టి ఆడిటర్‌ని చివర్లో మాట్లాడించండి.

స్పీకర్లలో నాకు బాగా నచ్చేది రిటైరైన డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు. సర్వీసులో ఉన్నవాళ్ళు ఆచితూచి మాట్లాడతారు, వీళ్ళు ఓపెన్‌గా చెప్తారు. కాకపోతే సెక్షన్లు చదవడం మొదలుపెడితే ఆపడం కష్టం. ముందురోజు ఫోన్ చేసి, సార్, సెక్షన్లు వద్దు, మీరు షాపుల్లోకి వెళ్ళగానే మొదట ఏం చూసేవారో అది చెప్పండి అని అడగండి. టైమ్ కూడా అప్పుడే చెప్పాలి, స్టేజీ మీద చీటీ పంపితే ఆయన దాన్ని చదివి జేబులో పెట్టుకుంటారు.

స్పాన్సర్ల దగ్గర గట్టిగా ఉండండి. భోజనాలు మేం చూసుకుంటాం అని ఏదో కంపెనీ ముందుకొస్తుంది, తర్వాత మా ప్రొడక్టు గురించి నలభై నిమిషాలు అంటారు. బయట బల్ల వేసుకోమనండి, మైకు ఇవ్వకండి. మీరు కమిటీలో చేరేముందే ఈ విషయంలో చివరి మాట మీదేనని ప్రెసిడెంటు చేత ఒప్పించుకోండి. ఆయన ఒప్పుకోకపోతే చేరకండి, ఎందుకంటే తర్వాత మీరు పెట్టేది క్లాసు కాదు, ఆ కంపెనీ మీటింగ్.

హాలు కోసం కళ్యాణ మండపాల చుట్టూ తిరగక్కర్లేదు, ఫార్మసీ కాలేజీ సెమినార్ హాలు ఆదివారం ఖాళీగానే ఉంటుంది, అడిగితే ఇస్తారు. ఉదయం తొమ్మిదికి ఉగ్గాని బజ్జీ పెట్టండి, టైముకి వస్తారు. మధ్యాహ్నం భోజనం క్లాసు అయ్యాకే. దూరంవాళ్ళను మర్చిపోవద్దు, మాకు ఆదోని నుంచి రావాలంటే సుమారు 100 కిలోమీటర్లు, 2022లో నంద్యాల వేరే జిల్లా అయ్యాక అటువాళ్ళు మాకు ఇక్కడే పెట్టండి అన్నారు, అదీ న్యాయమే. మీరు కూడా ఒకటి అనంతపురంలో పెడితే ఇంకోటి గుంతకల్లులోనో తాడిపత్రిలోనో పెట్టండి.

ఆదివారాలు పోతాయని ఇంట్లో మాత్రం ముందే చెప్పుకోండి. సంఘంలో ఎవరో ఒకరు, వీడు వచ్చే ఎలక్షన్లో నిలబడటానికే ఇదంతా చేస్తున్నాడు అని కూడా అంటారు, నన్నూ అన్నారు, నేను నిలబడలేదు.

ఎంట్రీ ఫీజు పెట్టాలా అన్నారు. వంద రూపాయలైనా పెట్టండి. ఊరికే అంటే వస్తాం అన్నా అంటారు, రారు.